కార్డిఫ్ నమూనా: నేరశాస్త్రం, ప్రజారోగ్యం కలిసే చోటు

నేరాల కారణాలను, నివారణను అధ్యయనం చేసే నేరశాస్త్రం చాలాకాలం పోలీసు రికార్డుల మీదే ఎక్కువగా ఆధారపడగా, హింసను ప్రజారోగ్య సమస్యగా పరిగణించాలన్న దృక్పథానికి 1996లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానంతో అంతర్జాతీయ గుర్తింపు లభించింది. ఈ రెండు శాస్త్రాల కలయికకు మేలైన ఉదాహరణ వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో రూపుదిద్దుకున్న నమూనా. దాడుల్లో గాయపడి ఆసుపత్రికి వచ్చేవారిలో అధికభాగం పోలీసుల లెక్కల్లోకి ఎక్కడం లేదని ముఖ, దవడ శస్త్రవైద్యుడు జొనాథన్ షెపర్డ్ గుర్తించడమే దీనికి మూలం. అత్యవసర విభాగంలో రోగుల పేర్లు నమోదు చేసే సిబ్బందే దాడి జరిగిన చోటు, సమయం, వాడిన ఆయుధం అడిగి రాసుకుంటారు. బాధితుల గుర్తింపు వివరాలు తొలగించాక ఆ సమాచారం పోలీసులకు, స్థానిక పాలనా సంస్థకు చేరుతుంది. దాన్నిబట్టి గస్తీ మార్గాలు మారతాయి, గొడవలు జరిగే మద్యశాలలపై నిఘా పెరుగుతుంది. బాధితుడు ఫిర్యాదుకు భయపడినా చికిత్సకు రాక తప్పదు; ఈ పద్ధతి అసలు బలం ఇక్కడే ఉంది. 2011లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, పోల్చదగిన ఇతర నగరాలతో చూస్తే కార్డిఫ్‌లో హింస కారణంగా ఆసుపత్రిలో చేరడం 42 శాతం తగ్గింది. షెపర్డ్‌కు 2008లో మరో పరిశోధకుడు డేవిడ్ ఓల్డ్స్‌తో సంయుక్తంగా స్టాక్‌హోమ్ నేరశాస్త్ర బహుమతి లభించింది.