టిక్ టిక్ మంటే బ్యాటరీయేనా?

సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు, సరిగ్గా తాతయ్యకి డయాలసిస్ ఉన్న రోజు పొద్దున్నే మా పాత పెట్రోల్ కారు మొరాయించింది. కీ తిప్పితే టిక్ టిక్, అంతే. "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించాలి" అన్నారు నాన్న. నేనూ సరే అనేసేదాన్నే. కానీ ప్రోగ్రామ్ రన్ అవకపోతే మనం ల్యాప్‌టాప్ మార్చేయం కదా!

ముందు చూడాల్సింది, ఇంజిన్ తిరుగుతోందా లేదా. తిరుగుతూ కూడా స్టార్ట్ అవకపోతే పెట్రోలో, స్పార్కో అందట్లేదేమో చూడాలి. అసలు తిరగకపోతే కరెంటు వైపు వెతకాలి. మాది రెండోది. హెడ్‌లైట్లు వేసి కీ తిప్పమన్నాను. లైట్లు బాగా డల్ అయిపోయాయి. అంటే బ్యాటరీ వీక్ అయినా అయ్యుండాలి, టెర్మినల్ దగ్గర కనెక్షన్ అయినా సరిగా లేకపోవాలి. ఈ రెండిట్లో ఏది?

మల్టీమీటర్ (ఫస్టియర్ ల్యాబ్ కోసం కొన్నది, ఇన్నాళ్లకి పనికొచ్చింది) పెడితే 12.5 వోల్టులు. ఫుల్ చార్జ్ అంటే దాదాపు 12.6. అయినా ఊరికే ఉన్నప్పటి వోల్టేజీని నమ్మలేం. అందుకే ఒక ప్రోబ్ బ్యాటరీ పోల్ మీద, ఇంకోటి దానికి బిగించిన క్లాంప్ మీద పెట్టి మళ్లీ కీ తిప్పించాను. రెండూ అతుక్కునే ఉన్నాయి కాబట్టి సున్నాకి దగ్గర్లో రావాలి. 4 వోల్టులు వచ్చింది! క్లాంప్ ఊడదీస్తే లోపలంతా తెల్లటి పొడి.

విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు చివర. లేకపోతే పాజిటివ్ మీదున్న స్పానర్ బాడీకి తగిలితే షార్ట్ అవుతుంది. వేడినీళ్లు పోసి, శాండ్‌పేపర్‌తో రుద్ది బిగించాం.

ఆస్పత్రికి 20 నిమిషాలు లేటు. దారంతా తాతయ్య ఒకటే మాట: "మా జావాకైతే ఒక్క కిక్కే!"