కుర్చీ కంటే ముందు మస్టరు

అనంతపురం

చి. బుజ్జికి,


నీ ఉత్తరం అందింది. ఉద్యమాల్లో తిరిగినవాళ్లు సర్కారుకు సలహాదారులైతే ఇక వాళ్ల పని అయిపోయినట్టేనని మీ క్లాసులో అందరూ తేల్చేశారనీ, నీకు మాత్రం ఎటూ తేలడం లేదనీ రాశావు. తేలకపోవడమే మంచిది. అరుణా రాయ్ గారి సంగతి చెబుతాను, చదివాక నువ్వే ఆలోచించుకో. ఆవిడ సర్కారు ఉద్యోగం వదిలారు, సర్కారు మీద ధర్నాలు చేశారు, సర్కారుకు సలహా ఇచ్చారు, ఆఖరికి ఆ సలహా మండలిలోంచీ లేచి వచ్చారు.

ఆవిడ 1946లో మద్రాసులో పుట్టి ఢిల్లీలో పెరిగారు. 1968లో ఐఏఎస్‌కు ఎంపికయ్యారు. డెబ్బైల నడుమ ఆ ఉద్యోగానికి దండం పెట్టి, భర్త బంకర్ రాయ్ నడిపే సంస్థలో పనిచేయడానికి రాజస్థాన్‌లోని తిలోనియా చేరారు. ఆ దగ్గర్లోనే మదన్‌గంజ్ - హర్మారా రోడ్డు మీద కరువు పనికి వెళ్లినవాళ్లకు కనీస వేతనం ముట్టకపోతే, బంకర్ రాయ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం వెట్టి కిందికే వస్తుందని 1983లో తీర్పు వచ్చింది. ఈ తీర్పును గుర్తుపెట్టుకో, ముప్పై ఏళ్ల తర్వాత దీనితో మళ్లీ పని పడుతుంది.

1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ కలిసి దేవ్‌డుంగరి అనే పల్లెలో ఒక మట్టి ఇంట్లో మకాం పెట్టారు. కరువు పని గురించి మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అక్కడా అదే కథ. రోజంతా మట్టి మోసి కూలికి చేయి చాపితే, కొలతల్లో మీ పని అంత తేలలేదు పొమ్మనేవారు. ఆ కొలతలు రాసిన పుస్తకమేదో చూపించండయ్యా అంటే, అది సర్కారు రహస్యం అనేవారు. సమాచార హక్కు పుట్టింది ఏ సెమినార్ హాల్లోనో కాదమ్మా, ఆ కూలి గొడవలోంచి పుట్టింది. 1990 మే 1న వాళ్లు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టుకున్నారు. సంఘంలో పూర్తికాలం పనిచేసేవాళ్లు తాము తీసుకునేది కూడా కనీస వేతనమే అని నియమం పెట్టుకున్నారు.

1994 డిసెంబర్ 2న పాలీ జిల్లా కోట్‌కిరానాలో మొదటి జన సున్‌వాయీ, అంటే బహిరంగ విచారణ జరిగింది. మన దగ్గర ఇప్పుడు ప్రజావేదిక అంటున్నది దాని పిల్లే. ఎలాగో చేతికి దొరికిన మస్టర్లనూ బిల్లులనూ ఊరందరి ముందు గట్టిగా చదివారు, అంతే. కానీ చదవడంలోనే ఉంది మహిమ. మస్టరు ఎప్పుడైనా చూశావా? పైన పని పేరు, తేదీలు. కింద వరసగా పేర్లు, పేరు ఎదురుగా రోజుకొక గడి, గడిలో హాజరు గుర్తు, చివర కూలి మొత్తం, సంతకమో వేలిముద్రో. ఆఫీసు బీరువాలో ఉన్నంతసేపూ అందులో ఒక్క తప్పూ కనబడదు, కూడికలన్నీ సరిపోతాయి. ఊళ్లో చదివితే మాత్రం, ‘ఆ పేరుగలవాడు మా ఊళ్లోనే లేడు’ అని ఒకరంటారు, ‘ఆ నెల నేను పనికే పోలేదు, ఈ వేలిముద్ర ఎవరిది?’ అని ఇంకొకరు లేస్తారు. చదువురాని మనిషి ఆ కాగితానికి ఆడిటరవుతుంది.

1996 ఏప్రిల్‌లో పంచాయతీ లెక్కల నకళ్లు జనానికివ్వాలంటూ బ్యావర్ పట్నంలో ధర్నాకు కూర్చున్నారు. నలభై రోజులు సాగింది. ఊరివాళ్లు కూరగాయలు ఇచ్చారు, చిల్లర చందాలు వేశారు. ‘మా సొమ్ము, మా లెక్క’ అన్నది వాళ్ల నినాదం. 2000లో రాజస్థాన్ సమాచార హక్కు చట్టం చేసింది, అదే ఏడు ఆవిడకు మెగసెసే పురస్కారం వచ్చింది.

ఇక నీ ప్రశ్న దగ్గరికి వద్దాం. 2004లో కేంద్రం సోనియా గాంధీ అధ్యక్షతన జాతీయ సలహా మండలి పెట్టింది. అరుణా రాయ్ అందులో సభ్యురాలయ్యారు. ఓట్లు పడనివాళ్లు చట్టాలు రాయడమేమిటని విమర్శలు వచ్చాయి. అడగాల్సిన ప్రశ్నే అది. అయితే మండలి సిఫారసు చేయగలదు, చట్టం చేయలేదు. ఎంత చేయలేదో అప్పుడే తేలింది. మండలి సిఫారసు పంపాక కూడా, 2004 డిసెంబర్‌లో సర్కారు పార్లమెంటులో పెట్టిన సమాచార హక్కు బిల్లు కేంద్ర కార్యాలయాలకే పరిమితమైంది. అలాగే ఉండిపోతే మన తాసిల్దారు ఆఫీసులో ఒక్క కాగితం అడిగే హక్కు మనకుండేది కాదు. బయట ఉద్యమం ఊరుకోలేదు. సవరణలు పడ్డాయి, రాష్ట్రాలూ దాని కిందికి వచ్చాయి. 2005 అక్టోబర్ 12 నుంచి చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. లోపల మండలిలో ఆవిడ మాట, బయట జనం అరుపు కలిస్తేనే ఆ పని అయింది.

ఉపాధి హామీ చట్టం కూడా 2005దే. దాన్ని 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. కోట్‌కిరానాలో కష్టపడి సంపాదించిన మస్టర్లను ఊళ్లో చదివి వినిపించడం ఈ చట్టంలో సామాజిక తనిఖీ పేరుతో నియమమైంది. తనిఖీ ఎలా చేయాలో మన రాష్ట్రంలో నేర్పినవాళ్లలో ఆ రాజస్థాన్ సంఘంవాళ్లూ ఉన్నారు. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే ఇల్లిల్లూ తిరిగి మస్టర్లు సరిచూసేవారు.

ఆవిడ 2006లో మండలి వదిలారు, 2010లో మళ్లీ వెళ్లారు. 2011లో కర్ణాటక హైకోర్టు ఉపాధి పనికి కనీస వేతనం ఇవ్వాలంది. కేంద్రం ఇస్తామనకుండా సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. 1983 తీర్పు ఉండగానే! 2013 మే నెలలో పదవీకాలం ముగుస్తుంటే, ఇక పొడిగించవద్దని ఆవిడ సోనియా గాంధీకి లేఖ రాశారు. ఈ వేతనాల సంగతి అందులో విడమరిచి రాశారు. తనకు మొదటి గొడవ ఏ కూలి దగ్గర మొదలైందో, ఆ కూలి దగ్గరే ఆవిడ ఆగారు.

కాబట్టి అమ్మా, సలహాదారు కావడం తప్పా ఒప్పా అన్న వాదన వదిలెయ్. ఆ మనిషి ఏ ప్రశ్న పట్టుకుని లోపలికి వెళ్లింది, ఆ ప్రశ్న వెనక నిలబడే జనం బయట ఉన్నారా, విభేదం వచ్చినప్పుడు కాగితం మీద పెట్టిందా, అని చూడు. ఈ మూడూ ఉంటే కుర్చీ మనిషిని మింగలేదు. ఊరి బలం లేకుండా వెళ్లినవాళ్లకు మీటింగుల్లో టీ బిస్కెట్లు తప్ప ఏమీ మిగలవు.

నీకూ ఒక పని. మీ ఊళ్లో ఈమధ్య వేసిన ఏదో ఒక రోడ్డుకు బిల్లులూ, ఎంబుక్కు, అంటే కొలతలు రాసే పుస్తకం, నకళ్లూ ఇవ్వమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం. రాకపోతే అప్పీలు చెయ్, అదీ చదువులో భాగమే. వచ్చాక ఆ కాగితాలు పట్టుకుని, ఆ రోడ్డు మీద పనిచేసినవాళ్లను కూర్చోబెట్టుకుని చదివి వినిపించు. వాళ్లేమన్నారో రాసుకుని నాకు ఉత్తరం పంపు. సర్కారుకు ఏం సలహా ఇవ్వాలో అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న