కొండవీటి కోటలో సప్తసంతానాల పాఠం



గత మాఘమాసంలో ద్వారకాతిరుమల స్వామివారి దర్శనం చేసుకొని వస్తుండగా కొల్లేటి గ్రామానికి చెందిన దంపతులు నన్ను కలిశారు. వారికి సంతానం లేదు. "శాస్త్రిగారండీ, మా తరువాత మా పేరు నిలిచే దానమేదో మీరే చెప్పాలండీ" అని అడిగారు. ఇటువంటి ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పగలవాడినే. కాని నాకూ సంతానం లేదు. ఆనాడెందుకో మాట పెగలలేదు. కొంత వ్యవధి అడిగి భీమడోలుకు తిరిగివచ్చాను.

మన పెద్దలు సంతానాన్ని ఏడు విధాలుగా లెక్కించారు. పుత్రుడు, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కావ్యం, తటాకం. ఇవే సప్తసంతానాలు. 'సంతానం' అనే పదానికి మూలం 'తన్' ధాతువు. విస్తరించడం దాని అర్థం. మన అనంతరం తెగకుండా సాగే మేలు ఏదైనా సంతానమే అని ఈ లెక్కకు తాత్పర్యం. ఈ పాఠాన్ని ఎందరికో చెప్పాను. దాన్ని కళ్లారా చూసినది మాత్రం ఆ మరుసటి నెలలో, కొండవీటిలో.

విద్యార్థిదశలో మా గురువుగారు శాకుంతల నాటకాన్ని కాటయవేముని 'కుమారగిరిరాజీయం' అనే వ్యాఖ్యతో బోధించారు. కుమారగిరిరెడ్డి కొండవీటి ప్రభువు. కాటయవేముడు ఆయనకు బంధువు, మంత్రి. ఆ వ్యాఖ్యకు పేరిచ్చిన రాజు ఏలిన కొండను చూడాలన్న కోరిక డెబ్బయ్యేళ్లు దాటిన తరువాత తీరింది. భీమడోలులో రైలెక్కి గుంటూరులో దిగి, అక్కడినుండి కారులో ఘాటురోడ్డు మీదుగా కొండపైకి చేరాను.

కౌటిల్యుడు దుర్గాలను నాలుగు విధాలుగా చెప్పాడు. అవి జలదుర్గం, పర్వతదుర్గం, మరుదుర్గం, వనదుర్గం. మన కొల్లేటికోట మొదటి రకానిది, కొండవీడు రెండవ రకానిది. అద్దంకి నుండి పాలించిన ప్రోలయ వేమారెడ్డి అనంతరం ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని ఇక్కడికి మార్చాడు. 1424లో రెడ్డిరాజ్యం అంతరించింది. పిమ్మట కోట గజపతుల వశమైంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని జయించాడు. ఆ తరువాత గోల్కొండ సుల్తానులు ఏలారు. ఇందరు కోరి పోరాడిన ఈ కోటలో నేడు ప్రాకారాలు విరిగి ఉన్నాయి, బురుజుల మీద చెట్లు మొలిచాయి. ఒక గర్భగుడిలో మూర్తి లేదు. దాని గోడమీద బొగ్గుతోనూ మేకులతోనూ వ్రాసిన పేర్లు మాత్రం ఎన్నో ఉన్నాయి. పేరు నిలుపుకోవాలన్న కోరిక ఎంత బలమైనదో, ఎంత గుడ్డిదో అక్కడ తెలిసింది.

కొండమీది చెరువులలో మాత్రం నీరున్నది. గొర్రెల కాపరి ఒకడు దోసిలితో త్రాగుతున్నాడు. ఆ చెరువును ఎవరు త్రవ్వించారో అతడికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

కొండకు చేరువలో ఫిరంగిపురం ఉన్నది. పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబిక అక్కడ 'సంతానసాగరం' అనే తటాకాన్ని త్రవ్వించింది. 1409 నాటి ఆ శాసనం శ్రీనాథ మహాకవి రచన. ఆ తటాకానికి నీరు తెచ్చే కాలువను ఆమె కుమారుడు రాచవేముడు త్రవ్వించాడని అమీనాబాదు శాసనం చెబుతున్నది. తల్లి చెరువు, కొడుకు కాలువ. ఇంతకంటె చక్కని సంతానం ఎవరికుంటుంది? కాని ఆ రాచవేముడే రాజైన తరువాత, బిడ్డ పుట్టిన ఇంటిమీద పురిటి సుంకం విధించాడని, దానికి మండిన ఒక బంటు అతడిని పొడిచి చంపాడని కొండవీటి దండకవిలె చెబుతున్నది. రెడ్డిరాజ్యం అతడితోనే ముగిసింది. తల్లి 'సంతాన' నామంతో నీరిచ్చిన చోట, కొడుకు సంతానం కలిగిన గడపకే పన్ను వేశాడు!

కనుక పుత్రుడున్నంత మాత్రాన సంతానం సాగదు. చెరువు త్రవ్వించినంత మాత్రాన దాత ధర్మాత్ముడై ఉండిపోడు. నిన్న చేసిన దానం నేటి అధర్మాన్ని కప్పదు. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడు. వాటిమీద అడుగుపెట్టిన యాత్రికులలో ఎందరికి ఆయన పేరు తెలుసు? తెలియకపోయినా వారు పైకి చేరారు. సంతానమంటే అది. మన పేరును మోసేది కాదు, పరుల పాదాన్ని మోసేది.

తిరిగివచ్చి ఆ దంపతులకు కబురు పంపాను. "మీ ఊరి మంచినీళ్ల చెరువుకు గట్టు తెగి ఉన్నదన్నారు కదా, ముందు దాన్ని బాగుచేయించండి. క్రొత్తది కట్టించడంకంటె పాతదాన్ని నిలబెట్టడం, అంటే జీర్ణోద్ధరణ, మిన్న అని పెద్దల మాట" అన్నాను. "పేరు చెక్కించవచ్చునా అండీ?" అని ఆమె అడిగింది. "చెక్కించుకో తల్లీ, తప్పులేదు. కాని నీళ్లకు వచ్చేవారు దాన్ని చదవకపోయినా నీకు సంతోషం కలగాలి" అన్నాను. ఆ మాట ఆమెకు చెబుతున్నానో, నాకు నేను చెప్పుకుంటున్నానో అప్పుడు తెలియలేదు. నా దగ్గర చదివిన పిల్లలు ఎక్కడో ఎవరికో శాకుంతలం పాఠం చెబుతూ ఉంటారు. నా పేరు వారు తలచకపోయినా పాఠం సాగుతుంది. అది చాలు.

స్వస్తి.