గది, డబ్బాలు, ఆ తర్వాతే వాల్వులు

గురజాల

చిరంజీవి శ్రీకాంత్‌కు మీ పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన మూడు వాల్వు ఆంప్లిఫైయర్ల బొమ్మలూ చూశాను. మూడూ ముచ్చటగానే ఉన్నాయి. ఏది కొనమంటావని అడిగావు గానీ ఏ స్పీకర్లకు తగిలిస్తావో రాయలేదు. మీ తమ్ముణ్ణి అడిగితే, బల్ల మీద పట్టే చిన్న డబ్బాలేవో చూస్తున్నావన్నాడు. 85 డెసిబెల్స్, 4 ఓమ్‌లట. అక్కడే ఆగు. ట్రాన్సిస్టరు సెట్టయితే ఎలాంటి స్పీకరునైనా లాక్కుపోతుంది. వాల్వు సెట్టుకు అంత ఓపిక ఉండదు, స్పీకరును బట్టి దాని గొంతే మారిపోతుంది. అందుకని స్పీకర్లు ముందు, సెట్టు తర్వాత.

స్పీకరు కాగితంలో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 1 వాటు ఇస్తే 1 మీటరు దూరాన ఎంత మోగుతుందో చెప్పేది అది. ఆ అంకె 3 పెరిగితే అదే మోతకు సగం వాట్లు చాలు, 6 పెరిగితే పావు వంతు చాలు. 91 డెసిబెల్స్ స్పీకరు 10 వాట్లతో చేసే పనిని నీ 85 డెసిబెల్స్ డబ్బా చేయాలంటే 40 వాట్లు కావాలి. పైగా పాట ఒకే తీరున సాగదు కదా! మృదంగం మీద దెబ్బ పడ్డ క్షణంలో సగటుకు పదింతల వాట్లు అడుగుతుంది. అవి లేకపోతే దెబ్బ మొద్దుబారుతుంది. కొట్లవాళ్లు సెట్టు వాట్లు పెద్దక్షరాలతో రాసి, ఈ అంకెను ఎక్కడో మూలన పడేస్తారు.

మైకు సెట్ల కాలం నీకు తెలీదు. కోటప్పకొండ తిరునాళ్లలో, కారంపూడి వీరుల ఉత్సవాల్లో చెట్లకు కట్టిన గొట్టాల వెనక ఉన్నవి పదుల వాట్ల వాల్వు సెట్లే. గొట్టం 1 వాటుకే 100 డెసిబెల్స్ పైన మోగుతుంది కాబట్టి పొలాల దాకా వినబడేది. అలాగని గొట్టాన్ని తెచ్చి నట్టింట్లో పెట్టుకోలేం. దాంట్లో మాట తెలుస్తుంది గానీ పాట రేకుడబ్బాలో పడ్డట్టు ఉంటుంది. కాబట్టి ఒక్క అంకెను చూసే కొనేయకు, చెవికి కూడా పని పెట్టు.

తాతగారి రేడియోలోని తియ్యదనం కావాలన్నావు. అది వాల్వు చలవే అనుకుంటున్నావు, సగమే నిజం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాక మన ఇళ్లలోకి వచ్చిన రేడియోల్లో చాలావాటికి చివరన ఉండేది ఒక్క పవర్ వాల్వు, ఈఎల్84 లాంటిది. అది ఇచ్చేది నాలుగైదు వాట్లే. ఆ కాస్త కరెంటుకే హాయిగా కదిలే తేలిక కాగితపు కోను, దాని చుట్టూ పెద్ద చెక్కపెట్టె, మిగతా సగం పని వాటిది. ఆ వాల్వునే తెచ్చి నీ చిన్న డబ్బాలకు కడితే తాతగారి రేడియో రాదు, నీరసం వస్తుంది.

ఇక నీ మూడు సెట్లు. మొదటిది 300బి వాల్వులది, చూడ్డానికి అన్నిటికన్నా అందమైనది, ధరా అలాగే ఉంది. ఛానెలుకు 8 వాట్లు. అది 1930లలో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు చేసిన వాల్వు. అప్పట్లో సినిమా హాళ్లలో తెర వెనక పెద్ద పెద్ద హారన్లుండేవి కాబట్టి ఆ కాసిని వాట్లతోనే హాలు నిండేది. 96, 98 డెసిబెల్స్ స్పీకర్లు కొనే ఉద్దేశం, వాటిని పెట్టే చోటు నీకుంటే అది కొను. నీకు రెండూ లేవు. రెండోది ఈఎల్34 వాల్వులు జంటగా పనిచేసే పుష్‌పుల్ సెట్టు, ముప్పై అయిదు వాట్లు. ఆ చిన్న డబ్బాల మీదే మనసుంటే గతి అదొక్కటే. మూడోది ఈఎల్84 పుష్‌పుల్, 12 వాట్లు. నా ఓటు దానికే. దానికి జోడీగా 8 ఓమ్‌ల స్పీకర్లు తీసుకో, 8 అంగుళాల వూఫరు ఉన్నవి, 91కి తగ్గనివి. మన మేడమీది గదికి ఎక్కువే అవుతుంది.

ఓమ్‌ల సంగతి కూడా చెప్పాలి. స్పీకరు మీద 8 అని రాసి ఉన్నా, స్వరం మారేకొద్దీ అది 5కి దిగి 30కి ఎక్కుతుంటుంది. ట్రాన్సిస్టరు సెట్టు దాన్ని పట్టించుకోదు. వాల్వు సెట్టు మాత్రం ఓమ్‌లు ఎక్కిన చోట గట్టిగా, దిగిన చోట మెల్లగా పాడుతుంది. అందుకే ఎక్కుదిగుళ్లు తక్కువున్న స్పీకరు వెతుకు. సెట్టు వెనక 4, 8 అని రెండు స్క్రూలుంటాయి. 8 ఓమ్‌ల స్పీకరును 4కి కలిపినా సెట్టుకు నష్టం లేదు. మోత కాస్త తగ్గి బేసు బిగుస్తుంది. రెండూ విని నచ్చినది ఉంచుకో. స్పీకరు వైర్లు ఊడదీసి మాత్రం ఎన్నడూ పాట పెట్టకు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది, సెట్టులో అన్నిటికన్నా ఖరీదైన ముక్క అదే.

గది సంగతి నువ్వు మర్చిపోయావు, నేను మర్చిపోలేదు. కింద నాపరాళ్లు, పైన స్లాబు, నాలుగు వైపులా సున్నం గోడలు. మధ్యలో నిలబడి ఒక చప్పట్టు కొట్టు, తిరిగి ఎన్నిసార్లు వినిపిస్తుందో నీకే తెలుస్తుంది. ఆ గదిలో లక్ష పెట్టి కొన్న స్పీకరూ గంటలా మోగుతుంది. పెద్ద జంపఖానా పరువు, వెనక గోడకు పుస్తకాల బీరువా చేర్చు, పక్కగోడకు మీ నాయనమ్మ కుట్టిన బొంత వేలాడదీయి. స్పీకర్లను గోడకు రెండడుగులు ఇవతల ఉంచు. మూలకు నెడితే బేసు బురదవుతుంది. స్టాండ్లకు డబ్బు తగలెయ్యకు. మాచర్ల, దాచేపల్లి వైపు దొరికే నాపరాళ్లను కోయించి దొంతి పెడితే ఏ ఇనుప స్టాండూ వాటికి సాటిరాదు.

కరెంటు ఇంకో గండం. ఈఎల్84, ఈఎల్34 వాల్వుల లోపలి హీటరుకు 6.3 వోల్టులు కావాలి, పదోవంతు అటూ ఇటూ అయితే ఓర్చుకుంటుంది. పొలాల మోటార్లు ఆడేటప్పుడు మన వీధిలో వోల్టేజి పడిపోతుంది, అవి ఆగిన రాత్రిపూట 245 దాకా లేస్తుంది. చైనా సెట్లలో కొన్ని 220కి చుట్టినవి. 220 సెట్టుకు 245 ఇస్తే హీటరు గీత దాటినట్టే. మంచి స్టెబిలైజరు పెట్టించు, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించు, లేదంటే గుయ్యిమనే హమ్ నిన్ను వదలదు. కరెంటు పోతే వెంటనే స్విచ్చి కట్టెయ్యి, చవక ఇన్వర్టరు మీద నడపకు.

వేడి గురించి నీకు చెప్పనక్కర్లేదు. రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడంటే పేపరువాళ్లు ముందు చూసే రెంటచింతల మన పక్కనే ఉంది. ఈఎల్34లు నాలుగున్న సెట్టు గోడ నుంచి నూట యాభై వాట్లకు తగ్గకుండా లాగి, దాదాపు అంతా గదిలోకి వేడిగా వదులుతుంది. ఈఎల్84 వైపు నేను మొగ్గడానికి ఇదీ ఒక కారణం. సెట్టు మీద జానెడు ఖాళీ వదులు, జాలీ మూత తీయకు. చిన్నపిల్లల వేళ్ల కోసమే కాదు, వెచ్చదనానికి బల్లులు లోపల దూరతాయి.

బెంగళూరు బీఈఎల్ వాళ్లు 1960లలో మన దేశంలోనే రేడియో వాల్వులు చేసేవారు. ఇప్పుడు కొత్తవి స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి రావాలి. పవర్ వాల్వులు రెండు మూడు వేల గంటలు పనిచేస్తాయి, మార్చేటప్పుడు జోడీ కలిపినవే కొను. లోపల 300 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కాసేపు నిలుస్తుంది. అడుగు మూత విప్పే పని నువ్వు పెట్టుకోవద్దు.

హైదరాబాదులో కొట్టుకు వెళ్లినప్పుడు, కొనబోయే సెట్టుకు కొనబోయే స్పీకర్లనే కలిపి వినిపించమను. వాళ్లు పెట్టే ఇంగ్లీషు గిటారు ముక్కల్లో అన్నీ బాగానే ఉంటాయి. నీ పాటలు నువ్వు పట్టుకెళ్లు. ‘మల్లీశ్వరి’ 1951 నాటి మోనో రికార్డింగు. ఘంటసాల గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ నిలబడాలి, అటూ ఇటూ ఊగిందా ఆ జోడీలో తేడా ఉన్నట్టే. చిలకలూరిపేట సంప్రదాయంలో చదువుకున్న షేక్ చినమౌలానా నాదస్వరం పెట్టు, పై స్థాయిలో చెవికి గుచ్చుకుంటే ఆ ట్వీటరు మనకొద్దు. నాజర్ ‘పల్నాటి యుద్ధం’ బుర్రకథ దొరికితే గుమ్మెట దెబ్బ విను, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ తెలియాలి.

నువ్వు కూర్చునే కుర్చీలో నేల నుంచి నీ చెవి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉంటుందో కొలిపించి రాయి. ట్వీటరు ఆ ఎత్తుకు రావాలి, నాపరాళ్లను దాన్నిబట్టి కోయిస్తాను.

మీ పెదనాన్న