ఇంటి కంప్యూటరు రోగనిర్ణయము: ఐదు ఆజ్ఞలు



పైరు వాడినంతనే మందు చల్లువాడు వివేకి కాడు. నీరు చాలలేదా, వేరు కుళ్లినదా, పురుగు పట్టినదా అని ముందుగా తేల్చుకొనవలయును; చికిత్స పిదప. ఇంటి కంప్యూటరు విషయమునను న్యాయ మిదియే.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు 63,000 కంప్యూటరీకరించుటకు 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. సంఘపు లెక్కలే కాదు. మన యిండ్లలోని అడంగలు నకళ్లు, పంటభీమా రసీదులు, పిల్లల చదువు కాగితములు సైతము నేడు ఈ యంత్రములలోనే చేరుచున్నవి. యంత్రము మొరాయించినంతనే దుకాణమునకు మోసికొనిపోయి, అంతయు తుడిచి విండోసు మరల వేయించుట పలువురకు వాడుకయైనది. ఆ తుడుపుతో కాగితములును పోవును. కావున, తుడిపించుటకు పూర్వము యంత్రముచేతనే దాని రోగమును చెప్పించు విధమును ఈ పాఠమున వివరించుచున్నాము. దీనికి వేరుగా కొనవలసిన దేమియు లేదు. సాధనములన్నియు విండోసులోనే కలవు.

ఆరంభము

యంత్రము తెరచుకొనుచున్నయెడల ముఖ్యమైన కాగితములను ముందుగా పెన్ డ్రైవులోనికి ఎత్తుకొనుడు. పిదప స్టార్టు మీట నొక్కి సి, ఎమ్, డి అను మూడక్షరములు కొట్టుడు. కనబడిన కమాండ్ ప్రాంప్ట్ పేరుపై మౌసు కుడిమీట నొక్కి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనుదానిని ఎన్నుకొనుడు. నల్లని తెర వచ్చును. ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరములతో కొట్టి ఎంటరు నొక్కవలయును. స్లాష్ అను ఏటవాలు గీతకు ముందు ఖాళీ విడువవలయును.

1. ఇంటర్నెట్టు రానప్పుడు

చేనికి నీరు రానప్పుడు మన బోదె మొదలు పిల్లకాలువ వరకు, అచ్చటినుండి తూము వరకు నడచి చూతుము గదా. ఇచ్చటను అట్లే.

ముందుగా ఐపికాన్ఫిగ్ అని కొట్టుడు. అక్షరములు: ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి. మీరు వాడు వైఫై లేక తీగ క్రింద ఐపివి4 అడ్రసు, డిఫాల్ట్ గేట్‌వే అను సంఖ్యలు కనబడును. అడ్రసు 169.254 తో మొదలైనచో రౌటరు మన యంత్రమునకు చిరునామా నీయలేదని యర్థము. రౌటరు నార్పి మరల వెలిగించి, ఐపికాన్ఫిగ్ స్లాష్ రెన్యూ అని కొట్టుడు.

పిదప పింగ్ అని కొట్టి, ఖాళీ విడిచి, ఆ గేట్‌వే సంఖ్యను వ్రాయుడు. బదులు వచ్చినచో ఇంటిలోని దారి బాగున్నది. తరువాత పింగ్ 8.8.8.8 అని కొట్టుడు. గేట్‌వే బదులిచ్చి ఇది పలుకనిచో లోపము చాలవరకు ఇంటి వెలుపలి లైనులో నుండును, కంపెనీవారికి తెలుపవలయును. ఈ రెండును పలికి, వెబ్‌సైటు పేరు మాత్రము తెరచుకొననిచో, పేర్ల జాబితా పాతబడియుండవచ్చును. ఐపికాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డిఎన్ఎస్ అను ఆజ్ఞ దానిని తుడిచివేయును. దీనివలన మన కాగితములకు హాని లేదు.

2. విండోసు తడబడునప్పుడు

కిటికీలు తమంతట మూసికొనుట, మీటలు పలుకకుండుట మొదలగునవి కొన్నివేళల విండోసు ఫైళ్లు చెడుటవలన కలుగును. ఇంటర్నెట్టు ఉండగా డి, ఐ, ఎస్, ఎమ్ అని కొట్టి, వరుసగా స్లాష్ ఆన్‌లైన్, స్లాష్ క్లీనప్-ఇమేజ్, స్లాష్ రిస్టోర్‌హెల్త్ అని చేర్చుడు. ఇది విత్తనపు కొట్టును శుభ్రపరచుట వంటిది. అది ముగిసిన పిమ్మట ఎస్, ఎఫ్, సి, స్లాష్ స్కాన్‌నౌ అని కొట్టినచో, ఆ కొట్టునుండి మంచి ఫైళ్లను తెచ్చి చెడినవానికి మారుగా నిలుపును. నూరు శాతము చేరువరకు తెరను మూయరాదు. డిస్కు నిండిపోవుటచే కలిగిన నెమ్మదికి ఇవి మందు కావు. దానికి అక్కరలేనివి తీసివేయుటయే మార్గము.

3. డిస్కుపై అనుమానమున్నప్పుడు

సి, హెచ్, కె, డి, ఎస్, కె అని కొట్టి, ఖాళీ విడిచి, సి అక్షరమును రెండు చుక్కలను చేర్చినచో, యంత్రము డిస్కును పరీక్షించునే గాని ఏమియు మార్చదు. దోషము తెలిపినచో చివర స్లాష్ ఎఫ్ చేర్చుడు. మరల తెరచునప్పుడు చేయనా యని యడుగును; వై అని కొట్టి యంత్రమును రీస్టార్టు చేయుడు. చివర స్లాష్ ఆర్ చేర్చినయెడల పాడైన చోట్లను సైతము వెదకును. ఇది గంటలకొలది పట్టవచ్చును. నడుమ కరెంటు పోరాదు. ల్యాప్‌టాప్ అయినచో చార్జరు పెట్టియే మొదలిడుడు. డిస్కు టకటక శబ్దము చేయుచున్నచో ఈ పనికి పూనుకొనక, కాగితముల నెత్తుకొని డిస్కును మార్పించుడు.

హెచ్చరిక

ఫార్మాట్, డిస్క్‌పార్ట్ అను ఆజ్ఞల జోలికి పోవలదు. అవి డిస్కులోని సమస్తమును తుడువగలవు. ఫోనులో అపరిచితుడు చెప్పిన ఆజ్ఞను ఎన్నడును కొట్టరాదు. మోసపోయి డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయుడు. విండోసు 10 నకు 2025 అక్టోబరు 14తో తయారీదారుల సాధారణ రక్షణ ముగిసినదనియు గుర్తుంచుకొనుడు.

సభ్యులు తమలో తాము అడుగుకొనవలసిన ప్రశ్నలు

1. గేట్‌వే పలికి 8.8.8.8 పలుకనిచో లోప మెచ్చట వెదకవలయును?
2. పై ఆజ్ఞలలో పరీక్షించునవి యేవి, మార్చునవి యేవి?
3. వీనికన్నిటికి ముందు చేయవలసిన పని యేది?

మూడవదానికి సమాధానము మరువనివాని కాగితములు యంత్రము చెడినను చెడవు.