ఆయన హోమ్ లోన్‌కి నా జీతం పట్టుకుంటారా?

మేడమ్ గారూ, నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ టీచర్‌ని. ప్రైవేటు ఉద్యోగం చేసే మావారు ఏడు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. విజయవాడలో కొన్న ఫ్లాటూ, దాని మీద హోమ్ లోనూ ఆయన ఒక్కరి పేరు మీదే ఉన్నాయి. నేనెక్కడా సంతకం పెట్టలేదు. ఇంకా 31 లక్షలు కట్టాలట. నాలుగు నెలలుగా ఈఎంఐ పడలేదు. ‘భార్యవు కదా, నువ్వే కట్టాలి, లేకపోతే జీతం అటాచ్ చేయిస్తాం’ అని ఫోన్లు. మొన్న ఒకతను బడికే వచ్చాడు. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ, పెన్సిల్‌తో టిక్కులు పెట్టిన రెండు కాగితాలిచ్చి, అక్కడ సంతకాలు చేస్తే గడువిస్తామన్నాడు. మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన 200 గజాల స్థలం కూడా పోతుందా? పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. ‘వాడి ఇల్లు పోనివ్వకమ్మా’ అని అత్తగారు ఏడుస్తున్నారు.
- ఒక సోదరి

అమ్మా, మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది ఆ రెండు కాగితాలే. సంతకం పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టకపోతే ఇక పెట్టకండి. పైన గడువు కోసం అర్జీ అని ఉన్నా, లోపల ‘బాకీ నేను తీరుస్తాను’ అన్న ముక్క ఒకటి ఉంటే, ఇవాళ మీది కాని అప్పు రేపు మీ మెడకు చుట్టుకుంటుంది. పెట్టేసి ఉంటే నకలు తీసుకుని వెంటనే లాయరుకు చూపించండి.

భార్య అయినంత మాత్రాన భర్త అప్పు తీర్చాలని మన చట్టంలో లేదు. మీరు కో-అప్లికెంటూ కాదు, ష్యూరిటీ కూడా ఉండలేదు. కాబట్టి ఈ బాకీ కోసం మీ జీతం, పుట్టింటివారిచ్చిన స్థలం జోలికి రాలేరు. వారసురాలిగా బాధ్యత ఉంటుంది గానీ, ఆయన ఆస్తిలో మీ చేతికి వచ్చినంత మేరకే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్లు చెప్పేది ఇదే. ఆయన ఖాతాలో మిగిలిన డబ్బు, బండి లాంటివి ఆ లెక్కలోకి వస్తాయి. నామినీగా మీకొచ్చే పీఎఫ్ మాత్రం రాదు. 1952 నాటి పీఎఫ్ చట్టం దాన్ని అప్పులవాళ్లకు అందకుండా ఉంచింది.

ఫ్లాట్ సంగతి వేరు. అది తాకట్టులో ఉంది, ఎవరికి సంక్రమించినా తాకట్టుతోనే వస్తుంది. వాయిదా తప్పి 90 రోజులు దాటింది కనుక తాకట్టు ఆస్తిని బ్యాంకు వేలం వేయడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు రావచ్చు. వస్తే బీరువాలో పడేయకుండా రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి.

అంతకంటే ముందు బీమా ఉందేమో చూడండి. లోనిచ్చేటప్పుడు చాలా చోట్ల బీమా కూడా అంటగడతారు. శాంక్షన్ లెటర్లోనో, మొదటి నెలల స్టేట్‌మెంట్లోనో ప్రీమియం కోత కనిపిస్తే క్లెయిమ్ పెట్టండి, బాకీలో చాలా భాగం, ఒక్కోసారి మొత్తం, తీరిపోవచ్చు. వసూలుకు ఫోన్ చేసేవాళ్లు ఈ ముక్క చెప్పరు. వాళ్ల ఉద్యోగం అది కాదు మరి.

బీమా లేకపోతే ఇల్లు నిలుపుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, అత్తగారి కన్నీళ్లు కాదు నిర్ణయించాల్సింది. వీలునామా లేకుంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీకు, ఇద్దరు పిల్లలకు, అత్తగారికి సమాన వాటాలు. అంటే మీ జీతంతో 31 లక్షలూ కట్టినా ఫ్లాట్లో మీ వంతు పావు భాగమే. కొడుకు ఇల్లు నిలవాలని ఆవిడకు నిజంగా ఉంటే, తన వాటా మీకు వదులుతూ రిజిస్టరు దస్తావేజు రాయమనండి. అడగడానికి మొహమాటపడకండి. ఫ్లాట్ ధర బాకీ కంటే బాగా ఎక్కువ పలికేటట్టుంటే అమ్మి అప్పు తీర్చడమే నా సలహా. మైనర్ల వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. ధర బాకీకి అటూ ఇటూగా ఉంటే వదిలేయండి. వేలంలో తక్కువ పడ్డ సొమ్ము కోసం మీ జీతం మీదికి రాలేరు.

ఒక పూట సెలవు పెట్టి బ్రాంచికి వెళ్లండి. డెత్ సర్టిఫికెట్ నకలిచ్చి, లోన్ కాగితాల కాపీలు కావాలని రాసి, అర్జీ మీద స్టాంపు వేయించుకోండి. ఇకపై ఏ మాటైనా రాతలోనే అడగమనండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. చేస్తే నంబరు, టైము రాసిపెట్టుకుని బ్యాంకు మేనేజరుకు ఫిర్యాదు ఇవ్వండి.