వృద్ధ శునకమునకు ఇంట చోటు

ఆంధ్ర మహాభారతారంభమున సరమ యను దేవశునకము జనమేజయుని సమీపించి, ఏ తప్పును చేయని తన బిడ్డను కొట్టుట తగునా యని నిలదీసినది. తుదకు మహాప్రస్థానమున ధర్మరాజు, తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకైనను రానని పలికెను. ఈ కథలను మన పిల్లలు వినియే యుందురు. కాని నోరులేని ప్రాణి యెడల ధర్మమెట్టిదో వినుటకంటె ఆచరించుటవలన బాగుగ తెలియును. ఇంట కుక్కను పెంచదలచిన తల్లిదండ్రులు, అంగడిలో కుక్కపిల్లను కొనుటకు ముందు, జంతు సంరక్షణశాలలోని వయసు మీరిన కుక్కను గూర్చి ఆలోచింపవలెను. ఇందులకు పూడిల్ జాతిని దృష్టాంతముగ గైకొందము.

పూడిల్ ఫ్రాన్సు దేశమున పేరుగాంచినను, దాని పేరు జర్మను భాషనుండి వచ్చినది. నీట పడిన పక్షులను తెప్పించుకొనుటకు వేటగాండ్రు పూర్వము దీనిని పెంచిరి. ఇది మిక్కిలి తెలివిగల జాతి. ఇందు పొట్టి రకములు తఱచుగ 14, 15 ఏండ్లు బ్రతుకును. కావున 9 ఏండ్ల పూడిల్‌కు కాలము చెల్లినదని యెంచరాదు.

ఇట్టి కుక్కలు సంరక్షణశాలకు చేరుటకు వాని దోషమే కారణము కానక్కరలేదు. యజమాని మరణించుట, ఇల్లు మారుట, వైద్యపు ఖర్చు, వెండ్రుకల పోషణకు ఓపిక లేకపోవుట, ఇవియు కారణములే. 1959లో మద్రాసున స్థాపితమైన బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు దిక్కులేని జంతువులకు ఆశ్రయమిచ్చి, తగినవారికి పెంపకమున కిచ్చుచున్నవి.

మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారందురు. కుక్కల విషయమున నీ సామెత పూర్తిగ చెల్లదు. ఓర్పుతో నేర్పినచో ముసలి కుక్కయు క్రొత్త అలవాట్లు నేర్చును. పైగా అది యెంత పెరుగునో, దాని స్వభావమెట్టిదో ముందే తెలియును.

తెచ్చుటకు ముందు దాని పూర్వచరిత్రను, పిల్లలతో మెలగు తీరును, ఉన్న రోగములను సంరక్షకుల నడుగవలెను. పశువైద్యునిచే కన్నులు, చెవులు, దంతములు, గుండె పరీక్ష చేయింపవలెను. రేబీసు టీకా తప్పరాదు.

పూడిల్ వెండ్రుకలు అంతగ రాలవు గాని యెడతెగక పెరుగును. దువ్వనిచో జడలు కట్టి చర్మము పుండగును. నాలుగైదు వారముల కొకమాఱు కత్తిరింపవలెను. ఆహారమును ఒక్కసారిగ గాక, వారము దినములలో క్రమముగ మార్పవలెను. ఉల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాకొలెట్టు దానికి విషతుల్యములు. కావున పండుగనాడు మిగిలిన పాయసమును, పులుసును పెట్టరాదు. చూపు తగ్గిన కుక్క యున్న యింట సామానుల తావు మార్పరాదు. నున్నని నేలపై చాప పరచవలెను.

పిల్లలకు తొలినాడే చెప్పవలసినది కలదు. కుక్క తినుచున్నపుడును, నిదురించుచున్నపుడును తాకరాదు. పేరు పెట్టి పిలిచి, అది చూచిన పిదపనే దగ్గరకు పోవలెను. క్రొత్తయింట అది కొన్నాళ్లు మూల నొదిగి యుండినను, బలవంతముగ ఎత్తుకొనరాదు. నీరు పెట్టుట, దువ్వుట పిల్లల కప్పగింపవచ్చును. బాధ్యత మాత్రము పెద్దలదే.

ముసలి కుక్కను తెచ్చుట యనగా దాని కడపటి దినము వరకు చూతుమని మాట యిచ్చుట. సెలవులకు ఊరికి పోవునపుడు దాని నెవరు చూతురు? మందుల ఖర్చు భరింపగలమా? అది మరణించిననాడు పిల్లల నోదార్పగలమా? ఇంటివారందరును కూర్చుండి ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. చెప్పలేనిచో తేకుండుటయే దయ. రెండవమాఱు విడువబడిన ముసలిప్రాణికి మూడవ యిల్లు దొరకుట కష్టము. చెప్పగలిగినచో, వృద్ధాప్యమున నొకరి నాదరించుట యెట్లో మన పిల్లలు మన యింటనే నేర్తురు.